గోడ మీది మంచుకొండ

సుగుణక్కకు డి.ఎ. బకాయిలు పడ్డాయి.
మూడేండ్లుగా అదుగో ఇదుగో అన్నవి
మంగళవారం పొద్దున ఫోనులో టింగుమన్నాయి.
"ఈరోజు బిరియాని ఊసెత్తితే తంతా.
కొత్తది ఏదైనా తిందాం."

పెద్దాసుపత్రిలో పగటి డ్యూటీ దిగి
నలుగురం ఒకే ఆటోలో,
చీరల్లో ఇంకా డెట్టాలు వాసన.
సి.క్యాంపు దగ్గర చెప్పులంగడి పైన
ఇరుకు మెట్లెక్కితే
నేపాలీ, ఉత్తర భారత భోజనశాల.
ఏసీ ఉంది. చప్పుడు మాత్రమే చేస్తుంది.
గోడ నిండా మంచుకొండ బొమ్మ,
ఏప్రిల్ కర్నూలు సెగకు
దాని అంచు కూడా ఊడిపోయి
టేపుతో అతికించుకుని ఉంది.

మెనూ ఎస్తేరు చదివింది,
మందుచీటీ చదివినట్లు.
ప్రతి పేరుకూ రమీజా అడిగింది:
"తిండికి ముందా, తర్వాతా?"

మోమోలొచ్చాయి.
తెల్లగా, మెత్తగా, చెమటలు పట్టి,
జ్వరమొచ్చిన కజ్జికాయల్లాగ.
మద్దమ్మ ఒకదాన్ని దీపానికి ఎత్తిపట్టి
మడతలు లెక్కపెట్టింది. పద్దెనిమిది.
ముప్పైయేండ్లు కుట్లు విప్పిన చెయ్యి అది.
"ఎవరు వేసినారో గాని నీటుగా వేసినారు"
అని, విప్పకుండా నోట్లో వేసుకుంది.

నల్ల మినుములు వెన్నలో మునిగొచ్చాయి,
వడ అనేది ఒకటుందని వీళ్లకెవరూ చెప్పలేదేమో.
పనీరు వచ్చింది.
పాలు విరిగితే మనం పొయ్యిని తిడతాం,
వీళ్లు పండగ చేసుకుంటారు.
అన్నీ బాగున్నాయి. కారమే సాలలేదు.

ఆ మాట లోపలికి పోయింది.
వంటాయన హరిలాల్ తానే వచ్చాడు,
చిన్న గిన్నెలో పచ్చిమిరపకాయల నూరు,
అందులో వాళ్ల కొండమిరియం ఏదో.
నాలుక మీద మొదట మంట, తర్వాత చీమలు,
తర్వాత పన్ను పీకేముందు సూది వేసినట్లు
నాలుకే లేదు.
"ఇప్పుడు సరిపోయిందా అక్కా?"
ఆదోని దాబాలో తొమ్మిదేండ్లు నానిన తెలుగు.

"ఆ కొండ మీ ఇంటికాడికి కనపడుతుందా?"
రమీజా అడిగింది.
ఆయన బొమ్మ వైపు కూడా చూడలేదు.
"నేను ఎప్పుడూ చూడలేదక్కా.
మాది కిందదేశం. చెరకు, దోమలు, వరద.
ఎండ ఇంతే, ఇట్లనే.
ఐసు ముట్టింది కూడా ఈడ్నే,
ఆదోనిలో, సోడాబండి కాడ."
"మరి ఈ బొమ్మ?"
"అది లేకుంటే నేపాలోడని ఎవరు నమ్ముతారు?"

అందరూ నవ్వారు. నేనొక్కదాన్నే కాస్త ఆలస్యంగా.
గుంటూరులో ట్రైనింగుకు పోయినప్పుడు
హాస్టలు పిల్లలు చుట్టూ మూగి అడిగేవాళ్లు,
"కర్నూలా! బాంబులు చూసినావా?"
దీపావళి లక్ష్మీబాంబుకే
చెవులు మూసుకుని మంచం కింద దూరేదాన్ని.
లేదు, లేదు అని రెండు నెలలు చెప్పినా.
మూడో నెల విసుగొచ్చి,
"మా మంచం కింద రెండుంటాయి" అన్నా.
ఆ ఏడాదంతా స్నానాల గదికి
నాకు వరుస లేదు.

ఇది చెప్తుంటే హరిలాల్ వంగి వంగి నవ్వాడు.
నవ్వేటప్పుడు చొక్కా చెయ్యి పైకి జరిగింది.
మోచెయ్యి కింద, తందూరు ముద్దుపెట్టిన చోట,
ఎర్రగా, తడిగా, అరచేయంత.
సుగుణక్క మణికట్టు పట్టేసింది.
"ఎన్నిరోజులైంది? ఏం పూసినావు?"
"టూత్‌పేస్టు."
నాలుగు నోళ్లూ ఒక్కసారే తిట్టాయి.

సోంపు గిన్నె పక్కకు జరిగింది.
చల్లనీళ్లు, రమీజా సంచిలోంచి గాజుగుడ్డ,
ఎస్తేరు సంచిలోంచి తెల్లమందు.
మా సంచుల్లో లిప్‌స్టిక్ ఉండదు గాని
ఇవి ఉంటాయి.
పక్క టేబులు వాళ్లు నాన్ చేతిలో పట్టుకుని
మమ్మల్నే చూస్తున్నారు.

బిల్లులో ఒక్క రూపాయి తగ్గించలేదు.
జీఎస్టీ కూడా వేశాడు.
మేమూ కట్టుకు లెక్క రాయలేదు.

"మూడురోజులకు కట్టు మార్చాల. ఆసుపత్రికి రా."
"యాడికి రావాల? ఏం పేరు చెప్పాల?"
నేను నోరు తెరిచేలోపే మద్దమ్మ అనేసింది,
"బాంబుల సిస్టరు యాడ అని అడుగు."

మెట్లు దిగితే, రాత్రి పదింటికి కూడా
రోడ్డు పెనంలాగ ఉంది.
ఆటో కోసం నిలబడ్డాం.
నాలుక మీద చీమలు
ఇంకా ఇంటికి పోలేదు.